‘కలిసి నేర్చుకోవడం’లో ఊరికీ చోటివ్వండి: గని పట్టణాల రెసిడెన్సీల నిర్వాహకులకు బహిరంగ లేఖ

మారుమూల గని పట్టణాల్లో కళాకారుల కోసం ‘కలిసి నేర్చుకునే’ రెసిడెన్సీలు, అంటే కొన్ని వారాలు ఒకచోట బస చేసి పనిచేసుకునే ఏర్పాట్లు, నడుపుతున్న సంస్థల కార్యవర్గాలకు, ఎంపిక సంఘాల సభ్యులకు, వాటికి నిధులు సమకూర్చే వారికి,

నమస్కారం.

నేను శబ్దంతో పనిచేసే కళాకారిణిని. మరో తొమ్మిదిమంది కళాకారులతో కలిసి ఒక మారుమూల గని పట్టణంలో ఆరు వారాల రెసిడెన్సీలో పాల్గొని వచ్చాను. మాలో చిత్రకారులు, ఫోటోగ్రాఫర్లు, నేతపని చేసేవారు, మట్టితో బొమ్మలు చేసేవారు ఉన్నారు. ఒకరి దగ్గర ఒకరం నేర్చుకోవాలన్నది ఏర్పాటు. ఆ ఏర్పాటు మంచిదని, అది కొనసాగాలని, నా పనికి అది చేసిన మేలును ఎన్నటికీ మరువలేనని ముందుగా చెప్పి, ఆ తర్వాతే నా విన్నపంలోకి వస్తున్నాను. మీ ప్రకటనల్లోనూ దరఖాస్తు పత్రాల్లోనూ నివేదికల్లోనూ ‘కలిసి నేర్చుకోవడం’ అన్న మాట పదేపదే కనిపిస్తుంది. ఆ ‘కలిసి’లో ఇప్పటికి ఉన్నది బయటినుంచి వచ్చిన కళాకారులు మాత్రమే. ఎవరి ఊళ్లో ఉండి, ఎవరి పనిని చూసి, ఎవరి మాటలు విని మేం నేర్చుకుంటున్నామో వాళ్లు అందులో లేరు. వాళ్లను నేర్పేవారిగా, నేర్చుకునేవారిగా, నిర్ణయాల్లో భాగస్వాములుగా ఆ మాటలోకి తీసుకురండి.

నా అనుభవం ఒకటి చెబుతాను. మాకు బస ఇచ్చింది మూతపడిన ఒక బడి భవనంలో. ప్రతి శుక్రవారం సాయంత్రం గుండ్రంగా కూర్చుని, ఆ వారం ఎవరం ఏం నేర్చుకున్నామో చెప్పుకునేవాళ్లం. మూడో వారం నేను భూగర్భంలోని శబ్దాల గురించి, వాటిని ఎలా రికార్డు చేయాలనుకుంటున్నానో దాని గురించి మాట్లాడుతుండగా, తలుపులు బాగుచేయడానికి వచ్చిన ఒక పెద్దాయన పని ఆపి గుమ్మం దగ్గర నిలబడి విన్నారు. ఆయన ముప్పై ఏళ్లకు పైగా గనిలో పనిచేసి విరమించిన మనిషి. నా మాట పూర్తయ్యాక లోపలికి వచ్చి, చేతిలో ఉన్న ఇనుపకడ్డీతో గోడను ఒకచోట తట్టి, మూరెడు పక్కన మళ్లీ తట్టి, ‘తేడా తెలిసిందా?’ అని అడిగారు. మొదటిచోట గోడ ఖంగుమని పలికింది. రెండోచోట ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు బోలుగా వినిపించింది. అక్కడ లోపల గచ్చు గోడనుంచి విడిపోయి ఉంది. గనిలో పైకప్పును ఇలాగే తట్టి చూస్తారని, ఒక చేత్తో తడుతూ రెండో అరచేతిని రాతికి ఆనించి ఉంచుతారని, చెవికి అందని అదురు అరచేతికి అందుతుందని, బోలుగా పలికినచోట ఎవరూ నిలబడరని ఆయన చెప్పారు. మేం పదిమందిమీ వరసగా ఆ కడ్డీ తీసుకుని గోడకు అరచేయి ఆనించి తట్టాం. మొదట నాకేమీ తెలియలేదు. ఆయన నా చేతిని కాస్త కిందికి జరిపి, వేళ్లను వదులుగా పెట్టమన్నాక, రాయి అదిరే తీరు మణికట్టుదాకా తెలిసింది.

శబ్దం గురించి ఇరవై ఏళ్లుగా నేర్చుకుంటున్న నాకు, ప్రాణం కాపాడుకోవడానికి వినడం ఎలా ఉంటుందో ఆ పది నిమిషాల్లో తెలిసింది. మిగతా మూడు వారాలు నేను చేసిన రికార్డింగులన్నీ దానినుంచి పుట్టినవే. రెసిడెన్సీ ముగిశాక వచ్చిన పుస్తకంలో మా పదిమంది పేర్లు, పరిచయాలు, ఉపన్యాసం ఇవ్వడానికి నగరంనుంచి వచ్చిన ముగ్గురు అతిథుల పేర్లు ఉన్నాయి. ఆ పెద్దాయన ‘స్థానికుల సహకారంతో’ అన్న మాటలో కలిసిపోయారు. అతిథులకు గౌరవ పారితోషికం ఇచ్చారు. ఆయనకు తలుపులు బాగుచేసిన కూలి మాత్రమే ముట్టింది. పుస్తకం అచ్చుకు వెళ్లేముందు ప్రూఫులు నా చేతికి వచ్చాయి. అప్పుడు నేనూ అడగలేదు. అడగవలసింది. ఈ లేఖ రాయడానికి ఆ బాకీ కూడా ఒక కారణం.

ఇక వేళల సంగతి. ఊరివాళ్ల కోసం మా నిర్వాహకులు నాలుగు శిక్షణ తరగతులు ఏర్పాటు చేశారు. అన్నీ మధ్యాహ్నం మూడు గంటలకే. మొదటి తరగతికి ఇద్దరు వచ్చారు, రెండోదానికి ఎవరూ రాలేదు. మధ్యంతర నివేదికలో ‘స్థానికుల్లో ఆసక్తి తక్కువ’ అని రాశారు. గనిలోకి దిగేవారికి దీపాలిచ్చే ల్యాంప్ రూమ్‌లో పనిచేసే ఒకావిడ మాటల మధ్యలో అసలు సంగతి చెప్పారు: పొద్దుటి షిఫ్టు వాళ్లు రెండింటికి పైకి వచ్చి, స్నానం చేసి, తిని, మూడింటికి నిద్రపోతారు, రెండో షిఫ్టు వాళ్లు ఆ వేళకు కింద ఉంటారు, రాత్రి షిఫ్టు వాళ్లు లేచి ఇంటిపనులు చూసుకునే సమయం కూడా అదే. ఆవిడ మాట మీద మూడో తరగతిని సాయంత్రం ఆరున్నరకు మార్చితే పదకొండుమంది వచ్చారు. గని పట్టణంలో పొద్దు సూర్యుడితో కాదు, షిఫ్టుతో నడుస్తుంది. అది తెలియడానికి ఏ అధ్యయనమూ అక్కర్లేదు, ప్రణాళిక వేసే బల్ల దగ్గర ఊరినుంచి ఒక్కరు కూర్చుంటే చాలు.

ఆ పదకొండుమందిలో గనిలో సర్వేయరుగా పనిచేసి విరమించిన ఒకాయన ఉన్నారు. నాలుగో తరగతికి ఆయన చుట్టచుట్టిన పాత పటం ఒకటి తెచ్చి బల్ల మీద పరిచారు. నేల లోపల ఒకదాని కింద ఒకటిగా ఉన్న పొరలను ఒకే కాగితం మీద వేరువేరు రంగుల్లో గీశారు. తవ్వి వదిలేసిన భాగాలను అడ్డగీతలతో నింపారు. ఆ అడ్డగీతల దగ్గర ఆయన వేలు చాలాసేపు ఆగింది. వదిలేసిన తవ్వకాల్లో ఏళ్ల తరబడి నీరు చేరుతుందని, పక్కన తవ్వేవాడికి దాని హద్దు కచ్చితంగా తెలియాలని, ఒక గీత తప్పితే నీళ్లు మీద పడతాయని ఆయన చెప్పారు. 2002 జూలైలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో క్వీక్రీక్ బొగ్గుగనిలో జరిగింది అదే. పక్కనున్న పాత గనిని చివరికి ఎంతదాకా తవ్వారో చూపే పటం వాళ్ల చేతిలో లేదు. తాము చూస్తున్న పటం ప్రకారం ఇంకా దూరంగా ఉందనుకున్న పాత తవ్వకంలోకి యంత్రం చొచ్చుకుపోయి, అందులోని నీళ్లు లోపలికి పోటెత్తాయి. ముందే హెచ్చరిక అందుకున్న తొమ్మిదిమంది బయటపడ్డారు, ఆ హెచ్చరిక పంపిన తొమ్మిదిమంది లోపల చిక్కుకుపోయి, మూడు రోజుల తర్వాత పైనుంచి తొలిచిన రంధ్రం గుండా ప్రాణాలతో బయటికి వచ్చారు. మాలో ఒక చిత్రకారిణి ఆ రాత్రంతా తన గీతల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. లోతును కాగితం మీద చూపడం గురించి కళాశాలలో తాను నేర్చుకున్నదానికీ ఆ సాయంత్రం విన్నదానికీ పొంతన కుదుర్చుకోవడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది.

ఆ పటం సంగతి ఇక్కడ ఎత్తడానికి ఇంకో కారణం ఉంది. గని ఊళ్లో గీసిన గీత ఎక్కడ భద్రమైందన్నది ఆ ఊరికి చిన్న విషయం కాదు. మేం ఆరు వారాల్లో గీసినవి, తీసినవి, రికార్డు చేసినవి అన్నీ రెండు నెలల తర్వాత దూరాన ఉన్న ఒక నగరంలో గ్యాలరీలో ప్రదర్శనకు వెళ్లాయి. ఊరినుంచి ఒక్కరూ రాలేదు. అంత దూరం రావాలంటే ఒక్కొక్కరికి ఎన్ని షిఫ్టుల జీతం పోతుందో ఎవరూ లెక్క వేయలేదు. ఒక్క ప్రతి కూడా ఊళ్లో మిగలలేదు. తన తండ్రి పాడిన పాటను నా రికార్డరుకు వినిపించిన ఒకాయన, అది వినాలంటే ఎక్కడికి వెళ్లాలని తర్వాత ఉత్తరం రాశారు. ప్రదర్శన మొదట ఊళ్లోనే జరగాలి. అది గ్యాలరీలా ఉండనక్కర్లేదు, షిఫ్టు మారేచోట గోడ ఉంటే చాలు. తయారైన ప్రతి పనికీ ఒక ప్రతి ఊళ్లోని గ్రంథాలయంలోనో బడిలోనో సంఘ భవనంలోనో, ఎవరు భద్రపరుస్తామంటే వారి దగ్గర ఉండాలి. దానికయ్యే ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే పెట్టండి. చివర మిగిలితే చూద్దామనుకున్న ఖర్చు ఎప్పుడూ మిగలదు.

ఊరివాళ్లు నేర్చుకునేవారుగా ఉంటే ఏమవుతుందో తెలుసుకోవడానికి కొత్తగా ప్రయోగాలు అక్కర్లేదు. ఇంగ్లండ్ ఈశాన్యంలోని యాషింగ్టన్ బొగ్గుగనుల ఊరు. అక్కడ 1934లో కార్మికుల విద్యా సంఘం తరఫున, కళను అర్థం చేసుకోవడం ఎలాగన్న విషయం మీద ఒక సాయంత్రపు తరగతి మొదలైంది. తరగతికి వచ్చినవారిలో ఎక్కువమంది గని కార్మికులు. న్యూకాజిల్‌నుంచి వచ్చిన గురువు రాబర్ట్ లయన్ మొదట పాత ఇటలీ చిత్రాల స్లైడ్లు చూపించారు. అవి విద్యార్థులకు పట్టలేదు. ఆయన తరగతి పద్ధతినే మార్చుకుని, మీరే గీయండి, గీస్తేనే అర్థమవుతుంది అన్నారు. వాళ్లు తమ గనిని, ఇళ్లను, పావురాలను, కుక్కల పందేలను, పెరటి తోటలను గీశారు. ప్రతి వారం ఒకరి పనిని ఒకరు మొహమాటం లేకుండా విమర్శించుకున్నారు. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఒక తేదీ. లయన్ 1942లో ఎడిన్‌బరో కళాశాలకు వెళ్లిపోయారు. గురువు వెళ్లాక కూడా ఆ బృందం 1980ల దాకా కలుస్తూనే ఉంది. వాళ్ల చిత్రాలు ఈనాటికీ ఆ ప్రాంతంలోనే, పాత వుడ్‌హార్న్ గని ఆవరణలోని మ్యూజియంలో ఉన్నాయి. మీ రెసిడెన్సీ ఫలితాన్ని కొలవడానికి నన్ను కొలబద్ద అడిగితే, కళాకారులు వెళ్లిపోయిన మరుసటి శుక్రవారం ఆ గదిలో దీపం వెలిగిందా లేదా అన్నదే అడుగుతాను.

గని వ్యర్థాల గుట్టల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మాలో ముగ్గురు ఫోటోగ్రాఫర్లు మొదటి రోజే వాటివైపు పరుగెత్తారు. 1966లో లండన్‌లో బార్బరా స్టెవెనీ, జాన్ లేథమ్ తదితరులు ప్రారంభించిన ఆర్టిస్ట్ ప్లేస్‌మెంట్ గ్రూప్ కళాకారులను పరిశ్రమల్లోకీ ప్రభుత్వ శాఖల్లోకీ పంపేది. ముందుగా ఫలితం ఇంత అని రాసివ్వకుండా, కళాకారుడు వెళ్లి చూసి తేల్చుకోవడానికి వీలిచ్చేది. ఆ పద్ధతిలోనే లేథమ్ 1975, 1976లలో స్కాట్లండ్ ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తూ, పశ్చిమ లోథియన్‌లోని ఎర్రటి షేల్ గుట్టలను, అంటే నూనె తీశాక మిగిలిన రాతి వ్యర్థాల గుట్టలను, తొలగించవద్దని, వాటిని కళాఖండాలుగా, స్మారకాలుగా చూడాలని వాదించారు. వాటిలో ‘ఐదుగురు అక్కచెల్లెళ్లు’ అనే గుట్టల వరుస ఇప్పుడు రక్షిత స్మారకం. ఆయన చూపు గొప్పదే. అయితే అంతకు పదేళ్ల ముందు, 1966 అక్టోబరు 21న, వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో గనినుంచి తెచ్చి పోసిన అలాంటి గుట్ట ఒకటి వానలకు నాని జారి బడి మీద పడి 144 మందిని బలితీసుకుంది. వారిలో 116 మంది పిల్లలు. ఒక ఊరికి గుట్ట గర్వకారణం కావచ్చు, ఇంకో ఊరికి పీడకల కావచ్చు, ఒకే ఊళ్లో ఒక ఇంటికి అదీ పక్కింటికి ఇదీ కావచ్చు. బయటినుంచి వచ్చిన కన్ను ఆకారాన్ని చూస్తుంది, ఆ ఇంటి కిటికీలోంచి వానాకాలంలో దాన్ని చూసిన కన్ను ఏం చూసిందో అడగకుండా దానికి పేరు పెట్టే హక్కు మాకు లేదు. మొదటి వారం ఫోటోలు తీయకుండా, ఊరివాళ్లు మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి నడిచే వారంగా కేటాయించండి.

ప్రమాదాల గురించి అడగడం మరీ సున్నితమైన సంగతి. గని ఊళ్లో దాదాపు ప్రతి కుటుంబానికీ ఒక తేదీ ఉంటుంది. కళాకారులు రికార్డరు పట్టుకుని ఆ తేదీ గురించి అడుగుతారు, వాళ్లు మర్యాదకు చెబుతారు, మేం వెళ్లిపోతాం, ఆ రాత్రి ఆ ఇంట్లో నిద్ర ఉండదు. నేను ఒక ఇంట్లో అలా అడిగాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, నా రికార్డరును చేత్తో తీసుకుని, మెల్లగా బల్ల మీద బోర్లించి పెట్టి, అప్పుడు చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ చెప్పినది ఎక్కడా రాయలేదు, రాయను. రికార్డు చేయడానికి అనుమతి ఒక్కసారి సంతకంతో అయిపోయే పని కాదని, ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోవడానికి ఏడాది గడువైనా ఉండాలని, పేరు వేయాలా వద్దా అన్నది చెప్పిన మనిషే తేల్చాలని మీ నియమావళిలో రాయండి. పేరు వేస్తే ఉద్యోగానికి ఇబ్బంది రావచ్చని భయపడేవారు ఉంటారు. అలాంటివారికి పేరు వేయకపోవడమే గౌరవం. అడగకుండా పేరు మింగేయడం అలాంటిది కాదు.

నిధుల విషయంలో మొహమాటం లేకుండా రాస్తున్నాను. కొన్ని రెసిడెన్సీలకు డబ్బు గని నడిపే సంస్థలనుంచే వస్తుంది. డబ్బు అక్కడినుంచి రావడమే తప్పని నేను అనను; ఊరి గొడ్డుచాకిరీ మీద వచ్చిన లాభంలో కొంత ఊరికి చేరాల్సిందే. మేం సంతకం పెట్టిన ఒప్పందంలో మాత్రం, ప్రమాదాలు, దుమ్ము, జబ్బుల గురించిన పనిని ముందుగా చూపించి అంగీకారం పొందాలన్న నిబంధన ఒకటి ఉంది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మచ్చ కడితే దాన్ని తిరగ్గొట్టే వైద్యం లేదు. సిలికోసిస్ అనే ఆ జబ్బుతో నాలుగు మెట్లు ఎక్కి ఆగిపోయే మనిషి ఊపిరి నా చెవిలో ఉంది. దాన్ని వినిపించడానికి ఆయన ఒప్పుకుంటే చాలు, మరెవరి అంగీకారమూ అక్కర్లేదు. అలాంటి నిబంధన ఉన్న డబ్బును వద్దనండి. వద్దనలేకపోతే, ఆ నిబంధనను దరఖాస్తు ప్రకటనలోనే అందరికీ కనిపించేలా అచ్చువేయండి.

కాలవ్యవధి గురించి ఒక మాట. స్వీడన్ ఉత్తరాన కిరునా పట్టణం కింద ఇనుప ఖనిజం తవ్వకం లోతుకు పోయేకొద్దీ పైనేల కుంగుతుండడంతో, పట్టణ కేంద్రాన్నే తరలించవలసి వస్తుందని 2004లో ప్రకటించారు. 672 టన్నుల బరువున్న అక్కడి చెక్క చర్చిని చక్రాల మీద 5 కిలోమీటర్లు జరిపింది 2025 ఆగస్టులో. రెండు రోజుల ఆ దృశ్యాన్ని ప్రపంచం చూసింది. అంతకుముందు ఇరవై ఏళ్లు తమ ఇల్లు ఉంటుందా పోతుందా అని ఎదురుచూసిన బతుకు ఆ రెండు రోజుల్లో కనిపించదు. ఆరు వారాల్లో కనిపించేది కూడా అంతంతమాత్రమే. అందుకే ఒకేసారి ఆరు వారాల బదులు, నాలుగు వారాలు, ఏడాది తర్వాత మరో రెండు వారాలు అని విడదీయండి. రెండోసారి వెళ్లినప్పుడే మొదటిసారి మనం ఎక్కడ పొరబడ్డామో ఊరివాళ్లు చెబుతారు. అతిథికి చెప్పని మాటలు తిరిగొచ్చినవాడికి చెబుతారు.

ఫలితాల నివేదికల మీద మీకున్న ఒత్తిడి నాకు తెలుసు. నిధులిచ్చేవారు ఇందులో భాగం కనుక వారికే చెబుతున్నాను. 1878 చివర్లో బెల్జియంలోని బోరినాజ్ బొగ్గుగనుల ప్రాంతానికి విన్సెంట్ వాన్ గో అనే యువకుడు మతప్రచారం చేయడానికి వెళ్లాడు. 1879 ఏప్రిల్‌లో మార్కాస్ గనిలో 700 మీటర్ల లోతుకు దిగి చూశాడు. పంపిన సంఘం ఆ ఏడాదే ఆయన నియామకాన్ని పొడిగించడానికి నిరాకరించింది. వాళ్ల పత్రాల్లో ఆయన పనికిరాని బోధకుడు. ఆయన ఆ ప్రాంతంలోనే ఉండి గని మనుషులను గీస్తూ, 1880లో చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్నాడు. ఏడాది తిరక్కుండానే ‘ఎంతమందికి లబ్ధి’ అన్న గడి నింపమని అడగకండి. మొదటి ఏడాది ఊరివాళ్లు రాసే నివేదిక ఒకటి, వాళ్ల మాటల్లో, వాళ్లకు నచ్చిన రూపంలో చాలు.

నేర్పినవారికి పారితోషికం గురించి వేరే వాదన చేయను. నగరంనుంచి వచ్చిన అతిథికి గంటకు ఎంత ఇస్తారో, పైకప్పును వినడం నేర్పిన మనిషికీ పటం పరిచి చూపిన మనిషికీ అంతే ఇవ్వాలి. ఎంపిక సంఘంలో సగం మంది ఆ ఊరివాళ్లై ఉండాలి; వారిలో ప్రస్తుతం షిఫ్టులకు వెళ్తున్నవారు, విరమించినవారు, గనిలో పనిచేయని కుటుంబ సభ్యులు, ముఖ్యంగా ఆడవాళ్లు ఉండాలి. కళ గురించి వాళ్లకేం తెలుసునని ఎవరైనా అడిగితే, గని గురించి మాకేం తెలుసునని పదిమందిని పంపారో కూడా అడగాలి.

గత నెలలో నేను నా సొంత ఖర్చుతో ఆ ఊరికి మళ్లీ వెళ్లాను. రికార్డింగులన్నిటి ప్రతులను ఊళ్లోని గ్రంథాలయానికి అప్పగించాను. తండ్రి పాటను వినిపించినాయనకు ఒక ప్రతి విడిగా ఇచ్చాను. ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి, గోడను తట్టిన ఆ శుక్రవారపు రికార్డింగు వినిపించి, పేరు వేయమంటారా అని అడిగాను. ఆయన పెట్టె మీద అంటించిన చీటీని దగ్గరికి లాక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని, పేరు, దాని పక్కన గనిలో తన టోకెన్ నంబరు స్వయంగా రాశారు. మీ పుస్తకం రెండో ముద్రణకు వెళ్తే, ఆ రెండూ ఆయన రాసిన వరుసలోనే పడాలని కోరుతున్నాను. తర్వాతి రెసిడెన్సీకి దరఖాస్తులు పిలిచే ముందు ఆ ప్రకటన చిత్తుప్రతిని ఊరికి పంపి, షిఫ్టు మారేచోట అతికించి, నెల రోజులు ఆగండి.

భవదీయురాలు,
ఆ పదిమందిలో ఒక కళాకారిణి